వేడి నేలలో ఎర్ర వైన్: చక్కెర ముందు పరుగెడితే మిగతావి ఎలా అందుకోవాలి?

ద్రాక్షలో ఆచ్ఛాదన మీద ఇదివరకు పెట్టిన వీడియో కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. “తినే ద్రాక్ష సరే, వైన్ ద్రాక్ష మన ఎండలకి పండుతుందా? పండినా దానికి రుచి ఉంటుందా?” అని. పైన ఉన్న వీడియో దానికోసమే నాసిక్ జిల్లా దిండోరి వైపు తోటల్లో తీశాం. తోట ఎలా ఉంటుందో అందులో చూస్తారు. అలా ఎందుకు ఉంటుందో అంత తక్కువ టైములో చెప్పడం కుదరలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. ఇంట్లో తయారు చేసుకోమని అసలే కాదు, లైసెన్సు లేకుండా వైన్ కాయడం మన రెండు రాష్ట్రాల్లోనూ నేరమే. వైన్ ద్రాక్ష పండించే రైతు తాగకపోయినా నష్టం లేదు. కానీ తన కాయ సీసాలోకి వెళ్ళాక ఏమవుతుందో తెలియకపోతే, కొనేవాడు ఏ కారణం చెప్పి ధర తగ్గించినా తల ఊపాల్సి వస్తుంది.

కాయలో నాలుగు గడియారాలు

తినే ద్రాక్షకి తీపి, సైజు, కరకర ఉంటే సరిపోతుంది. వైన్ ద్రాక్షలో, అందులోనూ ఎర్ర వైన్ ద్రాక్షలో, నాలుగు విషయాలు పండాలి: రసంలో చక్కెర, రసంలో పులుపు, తొక్కలో రంగు, తొక్కలోనూ గింజలోనూ ఉండే వగరు. తెల్ల వైన్ అయితే కాయ పిండి రసం ఒక్కటే పులియబెడతారు. ఎర్ర వైన్‌లో తొక్కా గింజా రసంతో పాటే రోజుల తరబడి నానతాయి. అందుకే తొక్క సరిగా పండకపోతే తెల్ల వైన్ ఎలాగో గట్టెక్కుతుంది గానీ ఎర్ర వైన్ గట్టెక్కదు.

ఈ నాలుగూ నాలుగు గడియారాలు అనుకోండి. చల్లని ప్రాంతంలో అన్నీ ఇంచుమించు ఒకే వేగంతో తిరుగుతాయి. వేడి ప్రాంతంలో చక్కెర గడియారం పరుగెడుతుంది, పులుపు గడియారం అంతకన్నా తొందరగా అయిపోతుంది, రంగు నత్తనడక నడుస్తుంది, గింజ ఇంకా వెనకే ఉంటుంది. వేడి ప్రాంతపు ఎర్ర వైన్ గురించి తోటలో, గానుగ దగ్గర, గ్లాసులో మనం మాట్లాడేదంతా ఈ ఎడం గురించే.

పులుపు సంగతి ముందు చూద్దాం. ద్రాక్షలో ముఖ్యంగా రెండు పులుపులు ఉంటాయి. ఒకటి టార్టారిక్ ఆమ్లం, అంటే మన చింతపండులో ఉండేదే. రెండోది మాలిక్ ఆమ్లం, పచ్చి యాపిల్ పులుపు. కాయ రంగు తిరిగిన దగ్గర్నుంచి మాలిక్ ఆమ్లాన్ని శ్వాసక్రియకి ఇంధనంగా కాల్చుకుంటుంది. వేడి ఎంత ఎక్కువైతే అంత తొందరగా కాలిపోతుంది. రాత్రి కూడా వెచ్చగా ఉంటే రాత్రంతా కాలుతూనే ఉంటుంది. చింతపండు పులుపు మాత్రం అంత తేలిగ్గా పోదు. అంటే మన దగ్గర పండిన ద్రాక్షలో మిగిలేది ఎక్కువగా టార్టారిక్ పులుపే. అది కూడా ఎంత మిగులుతుందన్నది నేలలో పొటాష్ మీద కొంత ఆధారపడి ఉంటుంది, ఆ సంగతి కిందకి వెళ్ళాక చెప్తాను.

రంగు సంగతి టమాటా రైతులకి వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం టమాటా ఎర్రబడకుండా పసుపు నారింజ రంగులో నిలబడిపోతుంది చూశారా? 30 డిగ్రీలు దాటితే ఆ ఎరుపునిచ్చే లైకోపీన్ తయారవడం మందగిస్తుంది కాబట్టి. ద్రాక్ష తొక్కలో రంగు వేరే పదార్థం, ఆంథోసయనిన్ అంటారు, మన నేరేడు పండుకి ఉండేది ఆ జాతి రంగే. కాయ వేడి 35 దాటితే అది తయారవడం తగ్గుతుంది, తయారైంది కూడా విరిగిపోతుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 35 అనేది గాలి వేడి కాదు, కాయ వేడి. నేరుగా ఎండ తగిలే నల్ల కాయ చుట్టూ ఉన్న గాలి కన్నా 10 డిగ్రీలు పైగా వేడెక్కగలదు. అంటే గాలి 28 ఉన్నా మధ్యాహ్నం మూడింటికి పడమటి వైపు గుత్తి గీత దాటేసి ఉండొచ్చు.

యూరప్‌లో చల్లబడుతూ పండుతుంది, మన దగ్గర వేడెక్కుతూ పండుతుంది

వైన్ శాస్త్రంలో ప్రాంతాలని పంట కాలపు సగటు ఉష్ణోగ్రతతో విడదీస్తారు. 13 నుంచి 15 డిగ్రీలు చల్లనిది, 15–17 మధ్యస్థం, 17–19 వెచ్చనిది, 19 పైన వేడిది. ఈ లెక్కలో నాసిక్ గాని, బెంగళూరు దగ్గర నంది కొండల కింద తోటలు గాని వేడి గుంపులోకే వస్తాయి. నాసిక్ సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉండబట్టి, శీతాకాలపు రాత్రులు చల్లగా ఉండబట్టి అక్కడ వైన్ నిలబడింది. సులా వాళ్ళ మొదటి వైన్లు వచ్చింది 2000లో. నంది కొండల కింద గ్రోవర్ వాళ్ళు అంతకు ముందే, 1980ల చివర్లోనే మొదలుపెట్టారు.

సగటు కన్నా నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి. ఫ్రాన్స్ బోర్డోలో కాయ ఆగస్టులో రంగు తిరిగి సెప్టెంబరు, అక్టోబరులో కోతకొస్తుంది. అంటే వేసవి దిగిపోతుంటే కాయ పండుతుంది. ఓ వారం ఆగితే వాతావరణం ఇంకా చల్లబడుతుంది. వాన వస్తుందేమోనన్న భయం తప్ప ఆగినందుకు వేడి దెబ్బ ఉండదు. మన దగ్గర దీనికి తిరగబడింది. జనవరిలో రాత్రి 10–12 డిగ్రీలున్న తోట మార్చి చివరికి పగలు 35 దాటుతుంది. వారం ఆగితే వారం వేడి పెరుగుతుంది. గింజ పండాలని ఆగుతాం, ఈలోగా చక్కెర ఎక్కడికో పోతుంది, పులుపు ఉండదు.

అయితే ముందే కత్తిరిస్తే సరిపోదా అంటారు. నాసిక్‌లో ప్రతి వైన్ తోట ఇక్కడే ఇరుక్కుంటుంది.

మన వాతావరణంలో ద్రాక్ష తీగ యూరప్‌లోలా చలికి నిద్రపోదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు. ఏప్రిల్‌లో కొమ్మల కోసం వేసవి కత్తిరింపు, సెప్టెంబరు–అక్టోబరులో కాయ కోసం రెండో కత్తిరింపు. ఈ రెండోది వేసిన రోజు నుంచి సుమారు నాలుగున్నర, ఐదు నెలలకి ఎర్ర రకాలు కోతకొస్తాయి. సెప్టెంబరు మధ్యలో కత్తిరిస్తే ఫిబ్రవరి మొదట్లో, మధ్యలో కోత. చల్లని రాత్రుల్లోనే కాయ పండుతుంది, పులుపు నిలుస్తుంది, రంగు పడుతుంది. అక్టోబరు మధ్యలో కత్తిరిస్తే కోత మార్చిలోకి జారిపోతుంది.

కానీ సెప్టెంబరులో కత్తిరిస్తే లేత చిగురు సరిగ్గా వెనకపట్టు వానల్లో బయటికొస్తుంది. లేత ఆకు, తడి, ముసురు. బూజు తెగులుకి అంతకన్నా పండగేముంది? రసాయన రైతు అంతర్వాహిక మందులతో దాన్ని దాటేస్తాడు. ప్రకృతి సేద్యం చేసేవాడికి అసలు పరీక్ష ఇది. ముందు కత్తిరిస్తే తెగులు, ఆలస్యం చేస్తే ఎండ. సీసాలో వైన్ ఎలా ఉండబోతుందో సగం ఈ కత్తెర తేదీ దగ్గరే తేలిపోతుందని నా అభిప్రాయం.

మన చేతిలో ఉన్నవేంటి, లేనివేంటి

నిజం చెప్పాలంటే బూజు తెగులు దగ్గర మన కషాయాల బలం తక్కువ. బూడిద తెగులు వేరు, దాని మీద పాలు, పాల విరుగుడు నీళ్ళు పనిచేస్తాయని ఆస్ట్రేలియాలో ద్రాక్ష మీదే పరీక్షించి చూశారు. పుల్లటి మజ్జిగతో ఫలితం చూసినవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. బూజు తెగులుకి మాత్రం వానకి ముందే ఆకు మీద రక్షణ పూత ఉండాలి. సేంద్రియ పద్ధతిలో ప్రపంచమంతా దానికి వాడేది బోర్డో మిశ్రమమే. పేరులోనే ఉంది, అది ద్రాక్ష తోటల్లో పుట్టిన మందు. దారి పక్క తీగల్లో కాయలు ఎవరూ కోసుకుపోకుండా చూడ్డానికి అసహ్యంగా ఉండేలా రాగి, సున్నం చల్లేవాళ్ళట అక్కడి రైతులు. ఆ తీగలకే తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించాడు. దొంగల కోసం చల్లింది తెగులుకి తగిలింది.

అయితే లెక్క చూసుకోండి. 1 శాతం మిశ్రమం అంటే 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి. ఎకరాకి 400 లీటర్లు చల్లితే ఒకే పిచికారీలో కిలో రాగి నేలకి చేరినట్టు. యూరప్ సేంద్రియ నిబంధన ఏడేళ్ళకి కలిపి హెక్టారుకి 28 కిలోలు, అంటే సగటున ఏడాదికి ఎకరాకి కిలోన్నర చిల్లర. రెండో పిచికారీకే లెక్క దాటుతుంది. రాగి కరిగిపోయేది కాదు, నేలలో పేరుకుంటుంది, వానపాములకి చేటు. జీవామృతం ఒకవైపు పోస్తూ రాగి ఇంకోవైపు కుమ్మరిస్తే అర్థం లేదు. పలచన చేసి, మీద మీద పోయకుండా, ముసురు పట్టే ముందు మాత్రమే చల్లడం ఒక దారి. మొత్తం తోట ఒకేసారి కాకుండా కత్తిరింపు పది, పదిహేను రోజుల తేడాతో రెండు మూడు భాగాలుగా వేయడం ఇంకో దారి. ఈ భాగాల పద్ధతి నాకు బాగా నచ్చింది, ఎందుకో గానుగ దగ్గరికి వెళ్ళాక అర్థమవుతుంది.

కళ్ళు పగలడానికి కత్తిరించిన కొమ్మకి హైడ్రోజన్ సయనమైడ్ పూయడం మామూలు తోటల్లో అలవాటు. అది విషం, సేంద్రియంలో ఒప్పుకోరు. కొమ్మని కొద్దిగా మెలిపెట్టి వంచితే కళ్ళు కొంత మేలుగా పగులుతాయి. అన్నీ ఒకేసారి పగలవు, దాంతో గుత్తులన్నీ ఒకేసారి పండవు. తినే ద్రాక్ష రైతుకి ఇది పెద్ద తలనొప్పి. వైన్‌లో రెండు విడతల్లో కోసేవాడికి అంత నష్టం కాదు.

గంధకం వాడేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. పగలు 32–35 దాటిన రోజుల్లో చల్లితే ఆకు మాడుతుంది. కోతకి అయిదారు వారాల ముందే ఆపేయాలి. కాయ మీద మిగిలిన గంధకం పులిసేటప్పుడు ఈస్ట్ చేతిలో పడి కుళ్ళిన గుడ్డు వాసనగా మారుతుంది. తోటలో చేసిన పని తొట్టెలో వాసనై తేలడమంటే ఇదే.

ఇక నీడ. తినే ద్రాక్ష అంతా పందిరి మీద కదా, గుత్తులు ఆకు కింద నీడలో వేలాడతాయి. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి పందిళ్ళు చూసిన పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. వైన్ తోటల్లో యూరప్ నుంచి వచ్చిన పద్ధతి నిలువు తడక, తీగల్ని గోడలా పైకి కడతారు. చల్లని దేశంలో గుత్తికి ఎండ తగలాలి కాబట్టి వాళ్ళు గుత్తి చుట్టూ ఆకులన్నీ గిల్లేస్తారు. అదే వీడియోలు చూసి మన దగ్గర గిల్లితే గుత్తి ఉడుకుతుంది. మన దగ్గర గిల్లాలంటే తూర్పు వైపు మాత్రమే, పొద్దుటి ఎండ తగలాలి, గాలి ఆడాలి. పడమటి వైపు ఆకు గొడుగులా ఉండాలి. వీడియోలో ఒకే చెట్టుకి రెండు వైపులా తీసి చూపించాం, పడమటి వైపు బట్టగా ఉన్న చోట కాయ తొక్క ముడతలు పడి ఎండుద్రాక్షలా ఉంది చూడండి.

అలాగని పూర్తిగా చీకటి చేసినా కుదరదు. కేబర్నే సావిన్యా లాంటి రకాల్లో పచ్చి క్యాప్సికమ్ వాసన ఇచ్చే పదార్థం ఒకటుంది. వెలుతురు తగిలితేనే అది విరుగుతుంది. నత్రజని ఎక్కువై ఆకు గుబురెక్కిన తోటలో, ఎంత ఎండ ప్రాంతమైనా, ఆ పచ్చి వాసన మిగిలిపోతుంది. ఆస్ట్రేలియా బరోస్సా లోయలో 1843లో నాటిన షిరాజ్ చెట్లు ఇంకా కాస్తున్నాయి. అలాంటి పాత చెట్లు చాలావరకు తడక లేకుండా గుబురు పొదలా పెంచినవే. ఫ్రాన్స్ దక్షిణాన గ్రెనాష్ కూడా అంతే. చెట్టు పొట్టిగా ఉండి తన ఆకే తనకి నీడ, నీళ్ళు తక్కువ, కాపు తక్కువ. మన మెట్ట చెట్టు పద్ధతే అనుకోండి.

ఆచ్ఛాదన మేలు గురించి మీకు కొత్తగా చెప్పేదేం లేదు. సాళ్ళ మధ్య బట్టబయలు నేల మధ్యాహ్నం వేడిని కింద నుంచి గుత్తి మీదకి కొడుతుంది. గడ్డి, నవధాన్యాల పైరు కోసి పరిస్తే అది తగ్గుతుంది. నీళ్ళు మాత్రం తినే ద్రాక్షలా పెట్టకూడదు. పిందె పట్టిన దగ్గర్నుంచి రంగు తిరిగే దాకా కొంచెం కొరత ఉంచితే కాయ చిన్నగా ఉంటుంది, రసానికి తొక్క వాటా పెరుగుతుంది, రంగూ వగరూ పెరుగుతాయి. రంగు తిరిగాక మరీ ఎండగడితే ఆకు రాలి గుత్తి బయటపడుతుంది. దిగుబడి మీద ఆశ తగ్గించుకోవాలి. తినే ద్రాక్షలో ఎకరాకి పది టన్నులు తీసిన చేతికి ఎర్ర వైన్ కోసం మూడు నుంచి ఐదు టన్నుల దగ్గర ఆపడం కష్టంగానే ఉంటుంది. ఆ తేడాకి తగ్గ ధర కాగితం మీద లేకపోతే నాటకండి.

పొటాష్ సంగతి చెప్తానన్నాను. నేలలో పొటాష్ ఎక్కువైతే కాయలోకి ఎక్కువ చేరి టార్టారిక్ ఆమ్లాన్ని ఉప్పుగా కట్టేస్తుంది. పులుపు లెక్కకి ఉన్నట్టే ఉంటుంది గానీ పనిచేయదు, పీహెచ్ పెరుగుతుంది. జీవామృతంలో ఎకరాకి పోసే 5–10 లీటర్ల మూత్రంతో ఏమీ కాదు. కట్టెల బూడిద బస్తాలకొద్దీ వేసే అలవాటున్న చోట మాత్రం ఆలోచించుకోండి. ఎరువుల దుకాణం నుంచి కాయ లావెక్కడానికని పొటాష్ కొనే రైతుకీ ఇదే మాట.

ఎప్పుడు కోయాలి

రిఫ్రాక్టోమీటర్ మీద బ్రిక్స్ చూసి కోయమంటారు. బ్రిక్స్‌ని 0.55–0.6తో గుణిస్తే వచ్చేది సుమారుగా ఆల్కహాల్ శాతం. 22 దగ్గర కోస్తే పన్నెండున్నర చిల్లర, 26 దగ్గర కోస్తే దాదాపు 15. వేడి ప్రాంతంలో బ్రిక్స్ ఒక్కటే చూడటం అన్నం ఉడికిందో లేదో పొయ్యి మంట చూసి చెప్పడం లాంటిది. మెతుకు పట్టుకోవాలి కదా. కాయ నోట్లో వేసుకుని ముందు రసం, తర్వాత తొక్క నమలండి, చివర గింజ కొరకండి. గింజ ఆకుపచ్చగా, మెత్తగా, నాలుక పీక్కుపోయేలా వగరుంటే పండలేదు. గోధుమ రంగు తిరిగి పటుక్కుమని విరిగి, వేయించిన పప్పు రుచి తగిలితే పండింది. దాంతోపాటు పీహెచ్ మీటరు ఉండాలి, కాగితం పట్టీ సరిపోదు. ఎర్ర ద్రాక్షకి 3.4–3.7 మధ్య సౌకర్యం. 3.8 దాటిందంటే గానుగలో కష్టాలు మొదలు.

గింజ పండేసరికి చక్కెర 26కి పోతే ఏం చేయాలి? భాగాలుగా కత్తిరించిన తోట ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక భాగం పులుపు ఉండగానే కొంచెం ముందు కోసి, ఇంకో భాగం పూర్తిగా పండనిచ్చి, రెండూ కలిపితే ఏ పొడీ కలపకుండానే సగం సర్దుబాటు అవుతుంది.

గానుగ దగ్గర

తెల్లవారుజామున కోయాలి, ఎండెక్కక ముందే తొట్టెకి చేరాలి. పులిసేటప్పుడు ప్రతి బ్రిక్స్‌కి సుమారు 1.3 డిగ్రీల వేడి పుడుతుంది. 24 బ్రిక్స్ రసం దాని వేడిని అదే అట్టేపెట్టుకుంటే 30 డిగ్రీలు పెరుగుతుందన్నమాట. కొంత బయటికి పోతుందనుకోండి, అయినా 32 డిగ్రీల కాయతో మొదలుపెడితే 35 దాటి 40 వైపు వెళ్తుంది. అక్కడ ఈస్ట్ చస్తుంది, చక్కెర సగంలో నిలిచిపోతుంది. అందుకే వేడి ప్రాంతపు వైనరీలో చల్లబరిచే యంత్రం లేకుండా పని జరగదు. ఎర్ర వైన్‌ని 25–30 మధ్య పులియనిస్తారు.

పులుపు తక్కువైతే టార్టారిక్ ఆమ్లం కలుపుతారు. లీటరుకి ఒక గ్రాముకి పీహెచ్ ఇంచుమించు 0.1 దిగుతుంది. వేడి దేశాల్లో ఇది మామూలు పని, దొంగతనం కాదు. కానీ మన పాఠకుల్లో చాలామందికి “ఏమీ కలపని సహజ వైన్” మీద ఆసక్తి ఉంది, దాని గురించి అడుగుతున్నారు. ఆ ఉద్యమం బలపడింది ఫ్రాన్స్ బోజోలేలో, మార్సెల్ లపియేర్ లాంటివాళ్ళ దగ్గర. అక్కడ కాయలో పులుపు సహజంగానే నిలుస్తుంది. పులుపు అంటే రుచి ఒక్కటే కాదు, కాపలా కూడా. ఆవకాయ ఎందుకు ఏడాది నిలవుంటుంది? ఉప్పు, నూనెలతో పాటు మామిడి పులుపు కూడా కాస్తుంది కాబట్టి.

వైన్‌ని కాపాడడానికి వేసే గంధక వాయువులో నిజంగా సూక్ష్మజీవుల మీద పనిచేసే భాగం పీహెచ్ 3.5 దగ్గర సుమారు 2 శాతం, 3.8 దగ్గర 1 శాతమే. అంటే పులుపు పోయిన కాయకి రెట్టింపు గంధకం కావాలి. గంధకం వద్దనుకునేవాడికి 3.8 కాయ ఇస్తే ఆ తొట్టె వెనిగర్ వాసనకో పశువుల కొట్టం వాసనకో తిరిగే ప్రమాదం ఎక్కువ. కాబట్టి గానుగలో ఏమీ కలపొద్దనుకుంటే ఆ పులుపు తోట నుంచే రావాలి. కత్తెర తేదీ, పడమటి ఆకు, బూడిద బస్తా, కోత రోజు, ఇవే మందులు. కొనేవాడు సహజ వైన్ చేసేవాడైతే రైతు బ్రిక్స్‌కి కాదు, పీహెచ్‌కి ధర అడగాలి. ఇది నేను గట్టిగా నమ్ముతున్న మాట.

నానబెట్టే రోజుల్లో కూడా తేడా ఉంది. గింజ పచ్చిగా ఉండగా కోసిన కాయని ఎక్కువ రోజులు నానిస్తే ఆ వగరంతా దిగుతుంది. అందుకని రంగు దిగగానే తొందరగా వడగట్టేవాళ్ళు ఉన్నారు.

గ్లాసులో ఏం తెలుస్తుంది

వైన్ రుచి చెప్పేవాళ్ళు వాడే పండ్ల పేర్లు మనం తిననివి. మనకి ఉగాది పచ్చడి ఉంది, దాంతో చెప్పుకోవచ్చు. చల్లని చోట పండిన ఎర్ర వైన్‌లో పులుపు ముందుంటుంది, నోరు ఊరుతుంది, వగరు గట్టిగా ఉంటుంది. ఒకే షిరాజ్ రకం ఫ్రాన్స్ ఉత్తర రోన్‌లో మిరియాల వాసన కొడుతుంది, బరోస్సాలో పండిన నల్ల పండ్ల జామ్‌లా, చాక్లెట్‌లా ఉంటుంది. ఆ మిరియాల వాసనిచ్చే పదార్థం చల్లని చోటే ఎక్కువ నిలుస్తుంది. వేడి చోటు వైన్‌లో పులుపు మెత్తబడి, చక్కెర లేకపోయినా తియ్యగా అనిపించి, నోరు నిండినట్టు ఉంటుంది. ఆల్కహాల్ ఎక్కువైతే మింగాక గొంతులో కారంలా మంట. వగరు నేరేడు పండు వగరులా మెత్తగా ఉంటే బాగా పండినట్టు. పచ్చి అరటికాయ వగరైతే చక్కెర చూసి తొందరపడి కోసినట్టు.

వేడి చోటు వైన్ తక్కువదని కాదు. అది ఇంకో రకం, అంతే. జామ్ వాసన దాటి ఉడికిన వాసన, ఎండుద్రాక్ష వాసన వచ్చి, పులుపు లేక చప్పగా ఉంటేనే లోపం. బోర్డోనే వేడెక్కుతోంది ఇప్పుడు. 2021లో అక్కడ వేడిని, మారుతున్న వాతావరణాన్ని తట్టుకోవడానికి కొత్త రకాలకి అనుమతిచ్చారు, ఎర్ర వాటిలో మార్సెలాన్, పోర్చుగల్ నుంచి తురీగా నేసియొనాల్ కూడా ఉన్నాయి. మనం అడిగే ప్రశ్నలే వాళ్ళూ అడుగుతున్నారు.

“ఎర్ర వైన్ గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలి” అనే మాట ఎప్పుడో యూరప్ ఇళ్ళ గది చూసి అన్నది, 16–18 డిగ్రీలు. మన గది మేలో 35. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కుకి కొట్టి మిగతాదేమీ తెలియదు. మీ కాయతో చేసిన వైన్‌ని ఎవరైనా అలా రుచి చూసి బాగాలేదంటే, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ చూడమనండి.

మరి మన దగ్గర?

వేద్దామనుకునేవాళ్ళు మొక్కల కోసం ఫోన్ చేసేముందు ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గర వాతావరణ కేంద్రంలో జనవరి, ఫిబ్రవరి రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతలు కొన్నేళ్ళవి చూడండి. పగటి ఎండ కన్నా ఇదే ముఖ్యం. ఎత్తు మీద ఉన్న చిత్తూరు, అనంతపురం వైపు కొన్ని చోట్లకీ, గోదావరి లంకలకీ దీంట్లో పోలికే ఉండదు. తీరం దగ్గర రాత్రి కూడా వెచ్చగా, తేమగా ఉంటుంది, అక్కడ పులుపు నిలవదు, తెగులూ ఆగదు. రకాల్లో షిరాజ్, టెంప్రనీయో, గ్రెనాష్ లాంటివి వేడికి తట్టుకుంటాయి. పినో నువా పేరు ఎవరైనా చెప్తే మర్యాదగా వద్దనండి. ఇక కొనే వైనరీ మీకు ఎంత దూరంలో ఉంది, కోసిన కాయ ఎండెక్కక ముందే అక్కడికి చేరుతుందా అన్నది చూసుకోండి. ఆ రెండూ కుదిరినవాళ్ళు ఎత్తు, రాత్రి ఉష్ణోగ్రతలు రాసి కామెంట్లో పెడితే, వేసవి కత్తిరింపు మీద తీసే వచ్చే వీడియోలో మీ ఊరి లెక్కతోనే మాట్లాడతాను.